ఆకాశంలో ఇరుకు దారి

(మన సంఘ వార్షిక సమావేశంలో ఒక సభ్యులు, విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో విషయాలకు ఎన్నడూ కొదవ లేదు. కరువు భత్యం బకాయిలు, లైఫ్ సర్టిఫికెట్లు, మెడికల్ బిల్లులు - వీటితోనే పొద్దు గూకుతుంది. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఏమండీ, మీరు ఏళ్ల తరబడి ఆ రేడియో పెట్టె ముందు కూర్చుంటున్నారు కదా, దాని గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. అమెచ్యూర్ రేడియో గొప్పతనం గురించి చెప్పమంటే ఎవరైనా చెబుతారు. నేను ఈ రోజు అందులో ఉన్న ఒక తగాదా గురించి చెబుతాను. తగాదా అంటున్నానని కంగారు పడకండి. అది మీ అందరికీ తెలిసిన తగాదానే. ఉమ్మడి గోడ, ఉమ్మడి నుయ్యి, ఉమ్మడి వాకిలి ఉన్నచోటల్లా ఉండేదే. ఇక్కడ ఉమ్మడిగా ఉన్నది ఆకాశం, అంతే తేడా.

ముందుగా, తెలియనివారి కోసం రెండు మాటలు. అమెచ్యూర్ రేడియో అంటే మనం పాటలు, వార్తలు వినే రేడియో కాదు. వినడంతోబాటు మనమూ ప్రసారం చేయవచ్చు. దానికి ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి. ప్రతి ఒక్కరికీ ఒక పిలుపు గుర్తు ఇస్తారు. మన దేశం వాళ్ల గుర్తులు చాలావరకు వి.యు. అనే అక్షరాలతో మొదలవుతాయి. ఈ పని చేసేవాళ్లను వాడుకలో హామ్‌లు అంటారు. ఇందులో వ్యాపారం చేయకూడదు, డబ్బు పుచ్చుకోకూడదు. ఊరికే మనుషులతో మాట్లాడటం, రేడియో విద్య నేర్చుకోవడం, ఆపద వచ్చినప్పుడు కబురు అందించడం - ఇదే దాని ప్రయోజనం. నేను 1986లో పరీక్షకు కూర్చున్నాను. అప్పటి గ్రేడు 2 లైసెన్సుకు నిమిషానికి 5 మాటల వేగంతో మోర్స్ పంపడం, వినడం వచ్చి తీరాలి. పగలు ఆఫీసులో ఫైళ్లు, రాత్రి ఇంట్లో ఇత్తడి కీ మీద టకటక. ఆ చప్పుడుకు మా ఇంటావిడ ఎంత ఓర్చుకున్నదో ఆవిడ ఇక్కడే ఉన్నది, అడగవచ్చు.

ఇక అసలు సంగతి. హామ్‌లు ఒకరితో ఒకరు సంభాషించడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి నోటి మాట, రెండవది మోర్స్. మోర్స్ అంటే మీకు తెలిసిందే, తంతి ఆఫీసుల్లో ఒకప్పుడు వాడిన చుక్కలు, గీతల భాష. తరంగాలలో ఈ రెండింటికీ కావలసిన చోటు ఒకటి కాదు. నోటి మాటకు సుమారు 2700 హెర్ట్జ్‌ల వెడల్పు కావాలి. మోర్స్‌కు 150 హెర్ట్జ్‌లు చాలు. అంటే ఒక మనిషి మాట్లాడే చోట, కాగితం మీది లెక్క ప్రకారం, 18 మంది మోర్స్‌లో సంభాషించుకోవచ్చు.

మనం ఒకప్పుడు విజయవాడ కేంద్రాన్ని 837 కిలోహెర్ట్జ్ మీద వినేవాళ్లం. జ్ఞాపకం ఉంది కదా? ఆ మీడియం వేవ్‌లో పక్కపక్క స్టేషన్లకు నడుమ 9 కిలోహెర్ట్జ్‌ల దూరం ఉంచుతారు. హామ్‌లకు ఎంతో ఇష్టమైన 40 మీటర్ల బ్యాండు మనవైపు 7000 నుంచి 7200 కిలోహెర్ట్జ్ వరకు ఉంటుంది. మొత్తం 200 కిలోహెర్ట్జ్‌లు. మీడియం వేవ్ లెక్కలో చూస్తే 22 స్టేషన్లు పట్టే జాగా. అందులోనే ఇన్ని దేశాల హామ్‌లు సర్దుకోవాలి.

మరి వేరే చోటికి పోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అది సూర్యుడి చేతిలో ఉంది. మన తరంగాలు పైన ఉండే అయనోస్ఫియర్ అనే పొరకు తగిలి వంగి కిందికి వస్తేనే దూరం పోతాయి. ఆ పొరను తయారు చేసేది సూర్యుడు. 7 మెగాహెర్ట్జ్ బ్యాండు పగటిపూట కొన్ని వందల కిలోమీటర్లకు, రాత్రిపూట వేల కిలోమీటర్లకు పనిచేస్తుంది. 14 మెగాహెర్ట్జ్ ముఖ్యంగా పగలు ఖండాలు దాటుతుంది. 21, 28 మెగాహెర్ట్జ్‌లు సూర్యుడి మీద మచ్చలు బాగా ఉన్న సంవత్సరాలలో అద్భుతంగా పనిచేస్తాయి, మచ్చలు తగ్గితే మూగబోతాయి. ఈ మచ్చలు సుమారు 11 సంవత్సరాల కొకసారి పెరిగి తగ్గుతుంటాయి. 2019 డిసెంబరులో అవి అతి తక్కువగా ఉన్నాయి. ఆ తరువాత పెరిగి, 2024లో గరిష్ఠ దశకు చేరాయని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇకమీద తగ్గుదలే. తగ్గినకొద్దీ పై బ్యాండ్లలో ఉన్న జనమంతా కిందికి దిగి 7, 14 మెగాహెర్ట్జ్‌లలోకి వస్తారు. వేసవిలో ఊరి చెరువులు ఎండిపోతే అందరూ ఒకే బావి దగ్గరికి చేరినట్లన్న మాట. కాబట్టి నేను చెప్పే తగాదా రాబోయే సంవత్సరాలలో ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు పోటీల సంగతి చూద్దాం. హామ్‌లలో కాంటెస్టులని జరుగుతాయి. నిర్ణీత వ్యవధిలో ఎన్ని ఎక్కువ స్టేషన్లతో, ఎన్ని ఎక్కువ దేశాలతో మాట్లాడితే అన్ని మార్కులు. వీటిలో పేరుగాంచినది సీక్యూ వరల్డ్ వైడ్ పోటీ. అక్టోబరు చివరి శని ఆదివారాలు నోటి మాటకు, నవంబరు చివరి శని ఆదివారాలు మోర్స్‌కు. మన కాలమానం ప్రకారం శనివారం ఉదయం 5-30కు మొదలై సోమవారం ఉదయం 5-30కు ముగుస్తుంది. 48 గంటలు ఏకధాటిగా. ప్రపంచాన్ని 40 మండలాలుగా విభజించారు, మనది 22వ మండలం. పిలవడం, పిలుపు గుర్తు చెప్పడం, సిగ్నలు బాగుందని చెప్పి మండలం అంకె ఇవ్వడం, వెంటనే తరువాతి వాడు. ఒక్కొక్కరితో కొన్ని సెకన్ల పని. ఉత్సాహవంతులు రెండు రాత్రులూ కునుకు తీయరు.

ఐరోపా, ఆఫ్రికా మండలానికి హామ్ సంఘాలు వేసుకున్న బ్యాండు ప్లానులో, నోటి మాటల పోటీలకు 14125 నుంచి 14300 కిలోహెర్ట్జ్ వరకు అనుకూలమైన చోటని రాసుకున్నారు. అంటే 175 కిలోహెర్ట్జ్‌లు. ఒక్కొక్క మాటకు 2.7 చొప్పున భాగిస్తే 64 సీట్లు వస్తాయి. మన పాతరకం రైలు స్లీపర్ పెట్టెలో 72 బెర్తులుంటాయి. దానికన్నా తక్కువే! 7 మెగాహెర్ట్జ్‌లో 7060 నుంచి 7100, మళ్లీ 7130 నుంచి 7200 - ఇవి కలిపితే 110 కిలోహెర్ట్జ్‌లు, 40 సీట్లు. ఆ 40 సీట్ల కోసం వేలాది మంది ఒక్కసారిగా ఎక్కబోతారు. ఆర్.టి.సి. బస్సు స్టాండులోకి రాగానే కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టుకోవడం మన అందరికీ అలవాటే. కాంటెస్టుల్లో కూడా అంతే. ఒక ఫ్రీక్వెన్సీ మీద కూర్చుని గంటల తరబడి పిలుస్తూ ఉంటే అది ఆయన రుమాలు వేసిన సీటు. లైసెన్సు కాగితం ఏ ఒక్కరికీ ఫలానా ఫ్రీక్వెన్సీ సొంతమని రాసి ఇవ్వలేదు. అయినా రుమాలు రుమాలే.

సీట్లు నిండిపోయాక ఏమవుతుంది? కొందరు గీత దాటి కిందికి దిగుతారు. అక్కడ, 7000 నుంచి 7040 వరకు, 14000 నుంచి 14070 వరకు మోర్స్ వాళ్లు ఉంటారు. ఒక్క నోటి మాట దిగితే పదీ పదిహేను మోర్స్ సంభాషణల జాగా పోతుంది. పైగా కొందరు అవతలివాడికి గట్టిగా వినబడాలని మైక్ గెయిన్ పూర్తిగా పెంచుతారు. అప్పుడు సిగ్నలు చిట్లి, 2700 హెర్ట్జ్‌లలో ఉండవలసింది అటూ ఇటూ చిందుతుంది. మోర్స్ వాళ్లు తమ రిసీవర్లలో సన్నని ఫిల్టర్లు పెట్టుకుంటారు, నిజమే. కానీ పక్కన బలమైన గొంతు పడితే రిసీవరు తనంతట తాను వాల్యూము తగ్గించుకుంటుంది. దానితో దూరాన ఉన్న బలహీనమైన చుక్కలు గీతలు మునిగిపోతాయి.

"రెండు రోజులే కదా, ఓర్చుకుంటే పోలా?" అంటారు. నాకు తెలిసిన ఒక పెద్దాయన గురించి చెబుతాను. పేరు, ఊరు చెప్పను. ఆయన తంతి శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఎనభై దాటాయి. కొన్నేళ్ల క్రితం గొంతుకు ఆపరేషన్ జరిగి మాట పోయింది. భార్య లేరు, పిల్లలు దూరదేశంలో ఉన్నారు. ఇంట్లో పలకా, బలపం పెట్టుకుని పనిమనిషికి రాసి చూపిస్తారు. కానీ సాయంత్రం ఏడు కొట్టగానే రేడియో ముందు కూర్చుంటే ఆయనంత వాచాలుడు ఉండడు. కేరళలో ఒకరు, శ్రీలంకలో ఒకరు, కలకత్తాలో ఒకరు - ఈ ముగ్గురితో మోర్స్‌లో కబుర్లు. వాన పడిందా, మోకాలి నొప్పి ఎలా ఉంది, మనవరాలి పెళ్లి ఎక్కడిదాకా వచ్చింది. అది ఆయన అరుగు. అది ఆయన గొంతు.

ఒక పోటీ వారాంతంలో ఆయన అరుగు మీద కూర్చోవడానికి చోటు లేకపోయింది. సోమవారం రాత్రి నాకు మోర్స్‌లో ఇలా పంపారు: "తమ్ముడూ, నా గొంతు డాక్టరు ఒక్కసారే తీశాడు. వీళ్లు ఏడాదికి ఎన్నిసార్లు తీస్తారో!" పరిహాసానికే అన్నారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. మోర్స్ వాళ్లందరూ ఇలాంటివారని నేననను. చాలామందికి అది సరదా. కానీ ఎవరికి సరదానో, ఎవరికి ప్రాణమో తరంగాన్ని చూసి చెప్పలేం కదా.

రెండవ పక్షం వాదన కూడా చెప్పాలి. ఇన్నేళ్లు ఆఫీసులో నోట్ ఫైలు రాసిన చేయి ఇది. ఒక వైపే రాస్తే పై అధికారి తిప్పి పంపేవారు.

పోటీల వాళ్లు అనేదేమంటే: బ్యాండు ఖాళీగా ఉంటే ప్రభుత్వాలు, వ్యాపార సంస్థలు దాని మీద కన్ను వేస్తాయి. మేము నింపి ఉంచుతున్నాం. రెండవది, రెండు రోజులు నిద్ర లేకుండా, గోలలో నుంచి ఒక బలహీనమైన గొంతును ఏరుకుని, పిలుపు గుర్తు తప్పు లేకుండా రాసుకునే సాధన ఇంకెక్కడ వస్తుంది? ఆపద వేళ ఆ సాధనే పనికివస్తుంది. ఈ మాటలో నిజముంది. 2004 డిసెంబరులో మన హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున శ్రీమతి భారతీ ప్రసాద్‌గారి బృందం అండమాన్ వెళ్లింది. అక్కడి నుంచి హామ్ ప్రసారాలు చాలా ఏళ్లుగా లేవు గనుక, వారితో ఒక్క పలుకు మాట్లాడాలని ప్రపంచం నలుమూలల నుంచి హామ్‌లు ఎగబడ్డారు. పోటీ కాకపోయినా పోటీకి తీసిపోని సందడి. అంతలో డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఆ బృందం ఆటను పక్కనబెట్టి, అవే యంత్రాలతో, అవే చెవులతో ద్వీపాల క్షేమ సమాచారాలు అందించింది. సందడిలో ఆరితేరినవారే ఆ పని చేయగలిగారు. కనుక పోటీలు దండగ అనేవారితో నేను ఏకీభవించను.

మోర్స్ వాళ్లు కూడా గంగిగోవులేమీ కారు. వారికీ పోటీలున్నాయి. ఆ రోజుల్లో నిమిషానికి 30 మాటలకు పైబడిన వేగంతో దంచుతుంటే, కొత్తగా నేర్చుకుని 5 మాటల వేగంతో తడబడే పిల్లవాడికి చోటే ఉండదు. జోరు ఎక్కువై పైకి పాకి, 14074 దగ్గర కంప్యూటర్లతో పనిచేసే ఎఫ్.టి.8 వాళ్ల నెత్తిన పడతారు. ఈ ఎఫ్.టి.8 పద్ధతి 2017లో వచ్చింది. దానిని రూపొందించిన ఇద్దరిలో ఒకరైన జో టేలర్ 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినవారు. ఆ పద్ధతికి 50 హెర్ట్జ్‌లు చాలు, మోర్స్ కన్నా సన్నం! సన్నవాడి కన్నా సన్నవాడు ఎప్పుడూ ఉంటాడు. నోటి మాట తనకు చేసిందేదో, మోర్స్ అతనికి చేస్తున్నది.

"మోర్స్ పాతబడిపోయింది, ఇంకా దానికి ఇంత చోటెందుకు?" అనే యువకులూ ఉన్నారు. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో మహాసభ, హామ్ లైసెన్సుకు మోర్స్ తప్పనిసరి అనే అంతర్జాతీయ నిబంధనను తొలగించి, ఆ నిర్ణయాన్ని ఆయా దేశాలకు వదిలింది. అమెరికా 2007 ఫిబ్రవరిలో ఆ పరీక్షను తీసేసింది. మన తంతి సేవ 2013 జూలై 14తో ముగిసింది. అయినా 2014లో జర్మనీ మోర్స్‌ను తన దేశపు సాంస్కృతిక వారసత్వ సంపదల జాబితాలో చేర్చుకున్నది. పరీక్ష పోయినా ఇష్టంతో నేర్చుకునేవారు మిగిలారు. తక్కువ కరెంటుతో, చేత్తో చేసుకున్న చిన్న యంత్రంతో సముద్రాలు దాటగల విద్య అది.

సరే, ఈ తగాదా తీర్చేదెవరు? రెండు పద్ధతులున్నాయి. అమెరికా వారు చట్టంతోనే గీత గీశారు. 14 మెగాహెర్ట్జ్‌లో 14150కి కింద అక్కడి హామ్‌లు నోటితో మాట్లాడకూడదు. దాటితే చట్టరీత్యా తప్పు. ఐరోపాలో చాలా దేశాలది రెండవ పద్ధతి, పరస్పర అంగీకారం. 1925లో పారిస్‌లో ఏర్పడిన అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ ప్రపంచాన్ని మూడు మండలాలుగా చూస్తుంది. మనది మూడవది. ఒక్కొక్క మండలానికి ఒక బ్యాండు ప్లాను ఉంటుంది. అది జీవో కాదు, సర్క్యులరు అనుకోండి. జీవోకు పోలీసు ఉంటాడు, సర్క్యులరుకు మర్యాదే పోలీసు.

ఇందులో చట్టం మంచిదా, మర్యాద మంచిదా అని నన్నడిగితే, రెండింటికీ మంచి చెడ్డలున్నాయంటాను. చట్టం గీత గట్టిది, కానీ కదలదు. పోటీ లేని రోజున ఒక భాగం కిటకిటలాడుతూ, పక్క భాగం వెలవెలబోతున్నా దాటడానికి లేదు. మర్యాద గీత అవసరాన్నిబట్టి సర్దుకుంటుంది, కానీ ఒక్కడు చెరిపితే పదిమంది చెరుపుతారు. పొత్తుల మగడు పుచ్చి చచ్చాడన్నారు మన పెద్దలు. ఉమ్మడి సొత్తు అందరిదీ గనుక ఎవరిదీ కాకుండా పోతుంది.

అయితే మర్యాద పనిచేయదని అనుకోకండి. పనిచేసిన ఉదాహరణలు మూడు చెబుతాను.

మొదటిది, 1979 నాటి ప్రపంచ రేడియో మహాసభలో హామ్‌లకు మూడు చిన్న బ్యాండ్లు కొత్తగా లభించాయి. 10100 నుంచి 10150, 18068 నుంచి 18168, 24890 నుంచి 24990 కిలోహెర్ట్జ్‌లు. వీటిలో పోటీలు పెట్టకూడదని హామ్ సంఘాలు అనుకున్నాయి, ఆ మాట మీదనే నిలబడ్డాయి. ఊరంతా తిరునాళ్లయినా, ఈ మూడు వీధులు ప్రశాంతంగా ఉంటాయి. మన పెద్దాయనకు కూడా ఇదే దారి చూపించాం. ఇంటి మిద్దె మీద 46 అడుగుల తీగను నడిమికి విడగొట్టి ఏంటెన్నాగా కట్టాం, 10 మెగాహెర్ట్జ్ కోసం. పోటీ వారాంతాలలో ఆయన స్నేహితులు ముగ్గురూ అక్కడికి మారుతున్నారు. పొద్దుగూకాక ఒక్కొక్కసారి శ్రీలంక వినబడదు. అయినా శూన్యం కన్నా నయం.

రెండవది, స్థలం పెంచడం. ఒకప్పుడు మనవైపు 40 మీటర్ల బ్యాండు 7000 నుంచి 7100 వరకే ఉండేది. ఆ పైన ప్రసార కేంద్రాల హోరు. హామ్ సంఘాలు ఏళ్ల తరబడి ఓపికగా వాదించగా, 2003 మహాసభ 7100 నుంచి 7200 వరకు హామ్‌లకు ఇచ్చింది. 2009 మార్చి 29 నాటికి ప్రసార కేంద్రాలు ఖాళీ చేయాలని గడువు పెట్టింది. కాగితం పెట్టి, జవాబు రాకపోతే రిమైండరు పెట్టి, ఓపిక పట్టి సాధించిన ఫలితం. ఆ విద్య మన సంఘానికి నేను చెప్పనక్కర లేదు.

మూడవది నాకు అన్నింటికన్నా ఇష్టమైనది. 14100 కిలోహెర్ట్జ్ అనే ఒకే ఒక్క ఫ్రీక్వెన్సీ మీద, ప్రపంచం నలుమూలల 18 బీకన్ కేంద్రాల వ్యవస్థ ఒకటి ఉంది. మన పక్కన శ్రీలంకలోనూ ఒక కేంద్రం ఉంది. ఒక్కొక్కటి 10 సెకన్లు మాత్రమే మాట్లాడుతుంది. మోర్స్‌లో తన గుర్తు చెప్పి, నాలుగు గీతలు గీస్తుంది. మొదటిది 100 వాట్లతో, తరువాత 10, ఆ తరువాత 1, చివరికి వాటులో పదోవంతుతో. చెప్పి తప్పుకుంటుంది. తరువాతిది అందుకుంటుంది. మూడు నిమిషాలకు 18 కేంద్రాలూ పూర్తయి మళ్లీ మొదటిది వస్తుంది. వింటూ కూర్చుంటే ఈ వేళ ఏ ఖండానికి దారి తెరిచి ఉన్నదో తెలుస్తుంది. ఒకే గది, 18 మంది, ఒక్కరు కూడా ఇంకొకరి మాటకు అడ్డు రారు. గడియారం చూసి లేచిపోయే వక్తలు వాళ్లు. ఈ వేదిక మీద మాలాంటివారు నేర్చుకోవలసినది చాలా ఉంది.

ఇక నా అభిప్రాయం. మన వీధిలో పెళ్లి జరిగితే రెండు రోజులు షామియానా వేస్తారు. వీధి సగం మూసుకుపోతుంది. మైకు మోగుతుంది. ఎవరూ పోలీసు రిపోర్టు ఇవ్వరు, ఎందుకంటే రేపు మన ఇంట్లోనూ పెళ్లి ఉంటుంది. కానీ మర్యాద తెలిసిన పెళ్లివారు ఒక పక్కన మనిషి నడిచే దారి, అంబులెన్సు పట్టే దారి వదిలి షామియానా కడతారు. పోటీ పెట్టేవాళ్లను నేను కోరేది ఆ దారి మాత్రమే. షామియానా వేయవద్దని కాదు.

అందుకు చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. పోటీ నిర్వాహకులు తమ నియమావళిలోనే హద్దుల అంకెలు రాయాలి. దాటినవారి మార్కులు కొట్టివేయాలి. మార్కు పోతుందంటే ఆగని ఆటగాడు లేడు. ఆడేవాళ్లు మైక్ గెయిన్ తగ్గించి, తమ సిగ్నలు తమ గదిలోనే ఉండేట్లు చూసుకోవాలి. ఆపద వేళ కూడలిగా పేరున్న 14300 లాంటి చోట్లను వదిలిపెట్టాలి.

మోర్స్ వాళ్లకూ నేను చెప్పేది ఉంది. కోపం వచ్చింది కదా అని నోటి మాట మీద కీ నొక్కి పెట్టి గోల చేయడం ఎంతమాత్రం తగదు. బ్యాండు ప్లాను ప్రకారం బీకన్ల చోటు తప్ప బ్యాండు అంతటా మోర్స్ వాడవచ్చు. ఆ హక్కు ఉంది కదా అని పనిగట్టుకుని మాటల భాగంలోకి పోయి కూర్చోవడం మంచి పద్ధతి కాదు. పోటీ రోజుల కేలెండరు ముందే ప్రకటిస్తారు. పెళ్లి ముహూర్తాలు చూసుకుని ప్రయాణాలు పెట్టుకున్నట్లు, అది చూసుకుని ఆ మూడు ప్రశాంతమైన వీధులకు మారవచ్చు.

ఇద్దరికీ చెప్పేది ఒకటే: ముందు వినండి. మోర్స్‌లో మూడక్షరాల ప్రశ్న ఒకటి ఉంది, క్యూ ఆర్ ఎల్. "ఈ చోటు ఎవరైనా వాడుతున్నారా?" అని అర్థం. నోటితోనైనా అదే అడగాలి. ఒకసారి అడిగి, ఆగి, మళ్లీ అడగాలి. ఎందుకంటే ఆకాశంలో ఒక చిత్రం ఉంది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మనకు ఒకరే వినబడవచ్చు. రెండవవారి తరంగం మన నెత్తి మీదుగా దాటిపోతుంది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ మనకు నిశ్శబ్దమే. నిశ్శబ్దంగా ఉన్నది గనుక ఖాళీగా ఉన్నదనుకోవడం పొరపాటు. రేడియోలోనే కాదు, ఇంట్లో మాట్లాడకుండా ఒక మూల కూర్చున్న పెద్దవారి విషయంలో కూడా ఇది గుర్తుంచుకోదగినదే.

నియమం ఒక్క వాక్యంలో చెప్పమంటే ఇలా చెబుతాను. హక్కు అందరికీ సమానమే. కానీ ఎక్కువ చోటు తీసుకునేవాడిది ముందు బాధ్యత. నోటి మాట మోర్స్‌కు దారి ఇవ్వాలి. మోర్స్ తనకన్నా సన్నవాడికి, తనకన్నా నెమ్మదైనవాడికి దారి ఇవ్వాలి. గట్టిగా వినబడేవాడు తన గొంతు తాను తగ్గించుకోకపోతే, తగ్గించమని అడిగేవాడి గొంతు అతనికి వినబడదు.

సూర్యుడి మచ్చలు తగ్గే రోజులు ముందున్నాయని మొదట మనవి చేశాను. ఆ ఇరుకు రోజులు వచ్చేలోగా ఈ మర్యాద అలవాటు కావాలి. మన ఇళ్లలో మనవలు, మనవరాళ్లు ఎవరైనా ఈ విద్య మీద ఆసక్తి చూపిస్తే పంపండి. పరీక్షకు ఏం చదవాలో చెబుతాను, మోర్స్ నేర్పుతాను. ఫీజేమీ లేదు. మొదటి పాఠం మాత్రం కీ నొక్కడం కాదు, వారం రోజులు చెవులు పెట్టి వినడం.

 హామ్‌లు సెలవు తీసుకునేటప్పుడు 73 అనే అంకె పంపుతారు. శుభాకాంక్షలని దాని అర్థం. మీకందరికీ 73. సెలవు.